ఇంటి గడప నుంచి లెక్కించండి

హజ్ దరఖాస్తుల కాలం వచ్చిందంటే అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల నుంచి మా వద్దకు వచ్చే పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "భాయ్ సాబ్, ఏ ఊరు రాయమంటారు? హైదరాబాదా, విజయవాడా?" దరఖాస్తులో బయలుదేరే విమానాశ్రయం పేరు నింపవలసిన గడి ఒకటి ఉంటుంది. చూడటానికి చిన్న గడి. కాని దానిలో రాసే పేరును బట్టి ఒక కుటుంబం చెల్లించవలసిన సొమ్ము మారుతుంది, పడవలసిన శ్రమ మారుతుంది, కొన్నిసార్లు ఆ ఏడాది యాత్రే మరో ఏడాదికి వాయిదా పడుతుంది.

ఈ ప్రశ్నకు పటం చూసి జవాబు చెప్పడం తేలిక. హైదరాబాద్ నుంచి జెద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,135 కిలోమీటర్లు. విజయవాడ సమీపంలోని గన్నవరం నుంచి సుమారు 4,400 కిలోమీటర్లు. ఇది భూగోళపు వంపును అనుసరించి, రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారిని కొలిచిన లెక్క. విమానం సరిగ్గా ఆ గీత మీదనే ఎగరదు. గాలులను, ఇతర దేశాల గగనతల నిబంధనలను బట్టి కొంత అటూ ఇటూ జరుగుతుంది. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం సుమారు ఆరు గంటలలో జెద్దా చేరుతుంది. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనుక నుంచి తోడ్పడుతుంది కనుక సమయం కొంత తగ్గుతుంది. టిక్కెట్టు మీద వేసిన వేళలను చూసి మూడున్నర గంటలలోనే చేరిపోతామని అనుకునేవారు ఉన్నారు. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుందన్న సంగతి మరువరాదు.

కాగా హైదరాబాద్ దారికీ, విజయవాడ దారికీ మధ్య తేడా ఎంత? 265 కిలోమీటర్లు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి అది ఇరవై నిమిషాల పని.

ఇప్పుడు ధరల తేడా చూద్దాం. విజయవాడ నుంచి తొలిసారి హజ్ విమానాలు నడిచిన 2023 సంవత్సరంలో ఒక్కొక్క యాత్రికునికి నిర్ణయించిన మొత్తం ఖర్చు హైదరాబాద్ మీదుగా దాదాపు 3 లక్షల 5 వేల రూపాయలు కాగా, విజయవాడ మీదుగా దాదాపు 3 లక్షల 88 వేలు. మక్కాలో బస, మినాలో గుడారం ఎవరికైనా ఒకటే. తేడా అంతా ప్రధానంగా విమానపు ఛార్జీలదే. ఇరవై నిమిషాల అదనపు ప్రయాణానికి 83 వేల రూపాయలు! రానూ పోనూ రెండు వైపుల దూరాన్ని కలిపి లెక్కించినా అదనపు కిలోమీటరు ఒక్కింటికి నూట యాభై రూపాయలకు పైమాటే. దూరమే కారణమని చెప్పడానికి ఏ గణితమూ ఒప్పుకోదు.

ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం 1,813 మంది యాత్రికుల కోసం 14 కోట్ల 51 లక్షల రూపాయలు మంజూరు చేసి, తలకు 80 వేల చొప్పున ఆ భారాన్ని తానే మోసింది. యాత్రికులకు ఊరట కలిగింది. దానిని మేము కాదనము, కృతజ్ఞతను దాచుకోము. 2024 ఎన్నికల ప్రణాళికలోనూ హజ్ యాత్రికునికి లక్ష రూపాయల సాయం అనే హామీ వచ్చింది. అయితే ఒక ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది. ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము హాజీ చేతికి వచ్చినట్టే వచ్చి చివరకు ఎవరి ఖాతాలో చేరింది? ధర ఎందుకు అంత పెరిగిందన్నది అడగకుండా, పెరిగిన ధరను ఖజానా నుంచి తీర్చుతూ పోతే, రోగాన్ని వదిలి జ్వరానికి తడిగుడ్డ వేసినట్టే.

ధర పెరగడానికి కారణాలు లేవని మేము అనడం లేదు. హజ్ విమానం యాత్రికులను జెద్దాలోనో మదీనాలోనో దింపి, చాలావరకు ఖాళీగా తిరిగి వస్తుంది. హజ్ ముగిసిన తరువాత ఖాళీగా పోయి వారిని తీసుకువస్తుంది. అంటే ఒక హాజీ టిక్కెట్టులో రెండు ప్రయాణాలు కాదు, నాలుగు ప్రయాణాల భారం ఉంటుంది. పెద్ద విమానం నిండితే ఆ భారం ఎక్కువ మంది మీద పంచబడుతుంది. యాత్రికులు తక్కువగా ఉన్న కేంద్రానికి చిన్న విమానం వస్తుంది, సీట్లు తగ్గుతాయి, తలకు పడే భారం పెరుగుతుంది. పోటీకి వచ్చే సంస్థలు ఒకటి రెండే అయితే ఇక చెప్పేదేముంది. ధర పెరిగినకొద్దీ యాత్రికులు ఆ కేంద్రాన్ని వదిలి హైదరాబాదుకో బెంగళూరుకో పోతారు. వారు పోయినకొద్దీ సంఖ్య తగ్గి ధర మళ్లీ పెరుగుతుంది. తన తోకను తానే మింగే పాము వంటి వ్యవహారం ఇది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. కేరళలో కోజికోడ్, కొచ్చి, కన్నూరు అనే మూడు విమానాశ్రయాల నుంచి హజ్ విమానాలు నడుస్తాయి. జెద్దాకు మూడింటి దూరంలోనూ చెప్పుకోదగిన తేడా లేదు. అయినా 2024 యాత్రకు కోజికోడ్ ధర మిగిలిన రెండింటికంటే దాదాపు రెట్టింపుగా వచ్చింది. 2020 ఆగస్టు ప్రమాదం తరువాత కొండ మీది ఆ రన్‌వే పైకి పెద్ద విమానాలను అనుమతించకపోవడం దానికొక కారణం. అక్కడి యాత్రికులు, సంఘాలు, ప్రజాప్రతినిధులు కలిసికట్టుగా అడిగారు. పూర్తి న్యాయం జరగలేదు కాని ధర కొంత దిగివచ్చింది. అడిగితే తగ్గే ధర, అడగకముందు న్యాయమైనది ఎలా అవుతుంది?

ఇక్కడ కొందరు మిత్రులు "హజ్‌కు మళ్లీ రాయితీ అడుగుతున్నారా?" అని ప్రశ్నించవచ్చు. స్పష్టంగా చెప్పదలిచాము. ముంబాయి నుంచి జెద్దాకు ఓడలు నడిచిన కాలంలో పేదవాడు కూడా తన కూడబెట్టిన సొమ్ముతో పోగలిగేవాడు. 1995తో ఓడ ప్రయాణం ఆగిపోయి, ఆకాశమార్గం ఒక్కటే మిగిలింది. ఆ విమానపు ఛార్జీలకు ఇచ్చిన రాయితీని పదేళ్లలో దశలవారీగా ఎత్తివేయాలని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది. 2018 జనవరిలో కేంద్రం దానిని పూర్తిగా ఆపివేసింది. ముస్లిం సమాజంలో అనేకులు దానిని స్వాగతించారు, ఎందుకంటే మన పేరున ఖర్చు రాసిన ఆ సొమ్ము చేరినది విమాన సంస్థకే. నేడు హాజీ తన కష్టార్జితంతోనే పోతున్నాడు. మేము అడిగేది దయ కాదు. తన డబ్బుతో కొనే వస్తువుకు న్యాయమైన ధర అడుగుతున్నాము.

ఇంతవరకు చెప్పినది ఆకాశంలోని అన్యాయం. నేల మీద జరిగేది దీనికంటే పెద్దది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ.

విజయవాడ కేంద్రం ఇంకా రాని రోజులలో అరకు నుంచి బయలుదేరిన ఒక వృద్ధ దంపతుల వెంట మేము హైదరాబాద్ వరకు వెళ్లాము. జుహర్ నమాజు ముగించుకొని బస్సు ఎక్కాము. అరకు నుంచి విశాఖపట్నం పటం మీద గీత గీస్తే 80 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు మీద 115 పైచిలుకు. వానకాలపు తొలి రోజులు. తైడా దాటకముందే కొండచరియ జారి దారికి అడ్డంగా రాళ్లు పడ్డాయి. వాటిని తీసేవరకు రెండు గంటలు బస్సులోనే కూర్చున్నాము. రైలు తప్పిపోతుందేమోనని ఆ పెద్దాయన మాటిమాటికి గడియారం చూసుకొంటూ, పెదవుల మీద దుఆ చదువుకొంటూ ఉన్నారు. రాత్రి రైలు అందింది, అల్‌హమ్దులిల్లాహ్. దాదాపు 700 కిలోమీటర్ల రైలు ప్రయాణం చేసి తెల్లవారి సికింద్రాబాదులో దిగాము. అక్కడి నుంచి హజ్ క్యాంపు. ఆ మరుసటి రోజు విమానం. తిరిగి వచ్చాక ఆ తల్లి చెప్పిన మాట మాకు నేటికీ గుర్తే. "బేటా, విమానంలో కూర్చున్నాకనే నా నడుము నొప్పి తగ్గింది."

లెక్క వేసి చూడండి. హైదరాబాద్ నుంచి జెద్దాకు నాలుగు వేల పైచిలుకు కిలోమీటర్లు, ఆరు గంటలు. అరకు నుంచి హైదరాబాదుకు ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు, ఏ ఆటంకమూ లేకున్నా పదహారు గంటలకు తక్కువ కాదు. దూరంలో ఐదో వంతు, కాలంలో దాదాపు మూడు రెట్లు. ప్రభుత్వ పత్రాలలో యాత్ర విమానాశ్రయం వద్ద మొదలవుతుంది. మనిషికి మాత్రం ఇంటి గడప వద్దనే మొదలవుతుంది.

ఈ సందర్భంలో మా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. ఏజెన్సీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న కాలంలో సిబ్బంది టి.ఎ. బిల్లులు మా బల్ల మీదికి వచ్చేవి. దగ్గరి దారికి మాత్రమే భత్యం ఇవ్వాలన్నది నిబంధన. కొండ మీది గూడేలకు టీకాలు వేయడానికి వెళ్లే ఒక చిరుద్యోగిని తన బిల్లులో 18 కిలోమీటర్లు రాసేవారు. మా రిజిస్టరులో ఆ గూడెం దూరం 11. ఎర్ర సిరాతో కొట్టివేసి 11 అని దిద్దేవాళ్లము. ఎన్ని నెలలు అలా దిద్దామో! తరువాత ఒకనాడు జనాభా లెక్కల పని మీద ఆ గూడేనికి మేమే నడిచి వెళ్లవలసి వచ్చింది. గెడ్డ పొంగి ఉన్నది. అది దాటే వీలులేక కొండను చుట్టి పోయాము. సాయంత్రానికి కాళ్లు బొబ్బలెక్కాయి. ఆమె రాసిన 18 కూడా తక్కువేనని అప్పుడు తెలిసింది. తిరిగి వచ్చి ఆమెకు క్షమాపణ చెప్పుకొన్నాము. కోసివేసిన సొమ్మును మాత్రం తిరిగి ఇప్పించలేకపోయాము. కుర్చీలో కూర్చుని దూరాలు నిర్ణయించేవారిని చూసినప్పుడల్లా మాకు ఆ ఎర్ర సిరా గీతే గుర్తుకు వస్తుంది.

మన ధర్మశాస్త్ర పండితులు ఈ విషయంలో మనకంటే ఎంత ముందుచూపు కలవారో గమనించండి. నమాజును కుదించుకొనేందుకు అనుమతించే ప్రయాణాన్ని హనఫీ ఫిఖ్హ్ మొదట మైళ్లలో కొలవలేదు. మధ్యస్థమైన నడకతో మూడు రోజులు పట్టే దారి అని కొలిచింది. మైదానంలో మైదానపు నడక, కొండలలో కొండకు తగిన నడక. 48 మైళ్లన్న లెక్క తరువాతివారు సౌలభ్యం కోసం చెప్పినది. హజ్ విధి కావడానికి ఉండవలసిన స్తోమతలోనూ దారిబత్తెం, వాహనం రెండింటినీ చేర్చారు. అంటే మనిషి పడే శ్రమే వారికి కొలబద్ద, పటం మీది గీత కాదు.

ఇక మన ఇరుగుపొరుగు సంగతి. అరకులో, పాడేరులో మన కుటుంబాలు చాలావరకు సంతలలో బట్టలు, పాత్రలు అమ్ముకొంటూ వచ్చి స్థిరపడినవి. ఈ కొండలు ఆదివాసులవి. గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా కాపాడే 1/70 చట్టాన్ని మనస్ఫూర్తిగా గౌరవించడం మన బాధ్యత. మన హాజీకి జీవితంలో ఒక్కసారి ఎదురయ్యే దూరం, ఆదివాసీ తల్లికి ప్రతి కాన్పుకూ ఎదురవుతున్నది. డోలీలో కూర్చోబెట్టి, ఇద్దరు భుజాన మోసుకొని, రోడ్డు దొరికే చోటి వరకు నడిచే దృశ్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో నేటికీ కొత్త కాదు. దారి మధ్యలోనే ప్రసవించినవారు, ప్రాణం పోయినవారు ఎందరో. ఫీడర్ అంబులెన్సుల పేరున మోటారు సైకిళ్లు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' పేరున వెయ్యి కోట్లకు పైబడిన రోడ్ల పనులు మొదలయ్యాయి. మంచి ప్రయత్నం. అవి కాగితం మీద కాక కొండ మీద పూర్తి కావాలని కోరుకొంటున్నాము.

కొండలకు దారి వేయడం అసాధ్యమని ఎవరైనా అంటే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గాన్ని చూపుదాం. 1960వ దశకంలో జపాన్ సహకారంతో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడం కోసం ఈ కొండలనే తొలిచి 58 సొరంగాలు తవ్వారు. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను కట్టారు. ఆ ఖనిజం ఓడలెక్కి జపాన్ వరకు పోయింది. రాయికి దారి దొరికినప్పుడు మనిషికి దారి దొరకకపోవడం ఇంజనీరింగు లోపం కాదు. ఎవరి ప్రయాణానికి విలువ కట్టారు, ఎవరిదానికి కట్టలేదు అన్నదే తేడా.

ఉత్తరాంధ్రకు ఇప్పుడొక కొత్త అవకాశం వస్తున్నది. విశాఖ విమానాశ్రయం నౌకాదళపు ఐఎన్ఎస్ డేగా ప్రాంగణంలో ఉండటం వలన పౌర విమానాలకు పరిమితులు ఉండేవి. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. 3,800 మీటర్ల రన్‌వే అక్కడ వస్తున్నది. పెద్ద విమానాలు దిగగల చోటు అది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, అనకాపల్లి, ఏజెన్సీ జిల్లాల హాజీలకు అక్కడి నుంచి నేరుగా విమానం ఉంటే ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు. అయితే విజయవాడ అనుభవం మన కళ్లెదుటే ఉన్నది. ధర సంగతి ముందుగా తేల్చుకోకుండా కేంద్రం మాత్రమే అడిగితే, మన గడప దగ్గరికి వచ్చిన విమానం మన చేతికి అందకుండా పోతుంది. ఈ కొండల వీరుని పేరు పెట్టుకొన్న విమానాశ్రయం కొండల మనిషికి ఉపయోగపడినప్పుడే ఆ పేరు నిలుస్తుంది.

కాబట్టి మేము కోరేది ఇది. ఒకటి: ప్రతి బయలుదేరే కేంద్రానికీ విమానపు ఛార్జీ ఎలా నిర్ణయమైందో, ఎన్ని సంస్థలు పోటీకి వచ్చాయో భారత హజ్ కమిటీ, అల్పసంఖ్యాక వ్యవహారాల మంత్రిత్వశాఖ యాత్రికులకు తెలిసేటట్లు ప్రకటించాలి. రెండు: ఒకే రాష్ట్రపు యాత్రికుల మధ్య ఇంతటి తేడా లేకుండా, దూరంతో పొంతన లేని ధరలకు పరిమితి విధించాలి. మూడు: జిల్లా కేంద్రం నుంచి విమానాశ్రయం వరకు హాజీలకు రాష్ట్ర హజ్ కమిటీ బస్సు ఏర్పాటు చేయాలి. కొండ ప్రాంతాల వృద్ధులకు విశాఖలో ఒక రాత్రి బస కల్పించాలి. నాలుగు: భోగాపురం నుంచి హజ్ విమానాల సాధ్యతను, ధరతో సహా, ముందుగానే పరిశీలించాలి. ఐదు: ఆదివాసీ గూడేల రోడ్ల పనులకు గడువులు ప్రకటించి, ఆ గడువులకు అధికారులు జవాబుదారీ కావాలి. ఈ ఐదవది మన కోరిక కాదని అనుకొనేవారు మన పత్రికను ఇన్నాళ్లు సరిగా చదవనట్టే.

అడగడంతో మన పని తీరదు. విశాఖలో, విజయనగరంలో మస్జిదు కమిటీలు తలచుకొంటే కొండల నుంచి దిగివచ్చే హాజీలకు ఒక పూట భోజనం, పడక, రైలు వరకు తోడు ఇవ్వడం పెద్ద భారం కాదు. బాటసారికి జకాత్‌లోనే హక్కు ఉన్నదని మనం చదువుకొన్నవాళ్లమే. మైదాన ప్రాంతాల యువకులు ఈ సేవకు ముందుకు రావాలి. వాహనాలు ఉన్న మన అరకు, పాడేరు వర్తకులు, అర్ధరాత్రి ఒక ఆదివాసీ ఇంటి నుంచి కబురు వస్తే బండి తీయడానికి వెనుకాడరాదు. తీస్తున్నవారు కొందరు ఉన్నారని మాకు తెలుసు. అల్లాహ్ వారికి ప్రతిఫలం ఇచ్చుగాక.

ఈ ఏడాది దరఖాస్తు నింపే ప్రతి కుటుంబానికీ ఒక విన్నపం. ఆ చిన్న గడిలో ఊరి పేరు రాసే ముందు, ఒక తెల్ల కాగితం మీద మీ ఇంటి నుంచి విమానం వరకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, ఎంత ఖర్చు అన్నది రాసి మాకు పంపండి. పేర్లు ప్రచురించము. ఆ కాగితాలన్నీ కలిపి సంబంధిత అధికారుల ముందు ఉంచుతాము. మా ఎర్ర సిరాతో ఒకనాడు కొట్టివేసిన కిలోమీటర్లను ఈసారి మీ చేతిరాతతోనే తిరిగి రాయించాలని మా కోరిక.